రూబుల్‌గారి మరణ ధ్రువీకరణ పత్రం

మూడో తారీకు బుధవారం ఉదయం పదీ ఇరవైకి, దాడి సన్యాసమ్మ పెరట్లో మేస్త్రీ ముత్యాలు గునపం కింద ఇవాన్ ఫ్యోదరొవ్ బయటపడ్డాడు.

అప్పటికి ఆయన పేరు ఎవరికీ తెలియదు. ముత్యాలు మట్టి దులిపి చూస్తే, అది మన రూపాయి కంటే బాగా పెద్ద బిళ్ల. తెల్లటి లోహం. ఒకవైపు గడ్డం మనిషి చేతిలో కాగితం పట్టుకుని ఉన్నాడు. పక్కన 1510–1583 అని అంకెలు. మిగిలిన అక్షరాలు ఎవరికీ అంతుపట్టలేదు.

సన్యాసమ్మకి మాత్రం బిళ్ల ఏమిటో అంతుపట్టింది. గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ గుంత దగ్గరికొచ్చి, బిళ్ల చూసి, కొంగుతో తుడిచింది.

"ఇది మా మావదిరా. ఉక్కు ఫ్యాక్టరీ కడతన్నప్పుడు రష్యా దొర ఎలిపోతా ఇచ్చినాడు. ఈ నూతికాడే తానం సేత్తా పారేసుకున్నాడు. మూడ్రోజులు అన్నం ముట్నేదు."

భర్త సూర్నాయుడు పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన ఫ్యాక్టరీలో క్రేన్లకి ఇనుప తాళ్లు కట్టే పని చేసేవాడు. ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లకి ఇచ్చిన కాలనీలో, ఈ ఇల్లూ పెరడూ ఆయన కష్టమే.

గుంత ఎందుకు తవ్వుతున్నారో చెప్పాలి. సన్యాసమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఇరవై నాలుగో తారీకున ఉచిత పథకం కింద ఆపరేషన్. ఆసుపత్రివాళ్ల షరతు ఒకటే. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే కమోడ్ ఇంట్లో ఉండాలి, ఇరవయ్యో తారీకు సాయంత్రంలోగా దాని ఫోటో పంపాలి. పంపకపోతే పేరు జాబితా చివరికి వెళుతుంది. జాబితా చివర అంటే పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ పక్కింటివాళ్ల దొడ్డికి పాకుతూ వెళ్లాలి.

గుంత ఇంకో రెండడుగులు తవ్వితే సరిపోయేది. సరిగ్గా అప్పుడే గ్రామ రెవెన్యూ అధికారి లాలం కొండలరావు ఇళ్ల సర్వే ఫోటో కోసం గేటు తీశాడు.

"ఏటది పిన్నీ?"

"మీ బాబాయి బిళ్ల."

కొండలరావు బిళ్ల తీసుకుని రెండువైపులా చూశాడు. "ఎక్కడ దొరికింది?"

"నేలలో."

"నేలలో దొరికింది ఏదైనా గవర్నమెంటుకి చూపించాల. రూలు."

"మీ బాబాయిదిరా అంటే?"

"రష్యావోడు ఇచ్చినట్టు కాగితం ఉందా?"

"బిళ్ల ఇచ్చినోడు కాగితం కూడా ఇత్తాడేటి?"

"ఇవ్వలేదు కాబట్టి అది నేలదే. పని ఆపీ ముత్యాలూ."

కొండలరావు సంచిలోంచి సున్నం పొడి తీసి గుంత చుట్టూ చతురస్రంగా గీత గీశాడు. రెవెన్యూ శాఖ సున్నం గీత దాటిన మేస్త్రీ ఆ కాలనీలో ఇంతవరకు లేడు.

*

తహసీల్దారు చిట్టూరి మధుసూదనం ఆ నెలలో జిల్లాలోకెల్లా ఉత్సాహంగా ఉన్న అధికారి. కారణం 'ఖాళీ గడి లేని మండలం' అనే కార్యక్రమం. పైనుంచి వచ్చిన ఉత్తర్వులో రెండే వాక్యాలున్నాయి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా దరఖాస్తును స్వీకరించరాదు. అన్ని గడులూ నిండిన దరఖాస్తును తిరస్కరించరాదు.

వర్తించదు అని రాయడం కూడా ఖాళీ కిందే లెక్క. అందుకని ఒక మాజీ సర్పంచ్ పట్టాదారు పాసుపుస్తకం కోసం, 'గర్భిణి అయితే ఎన్నో నెల' అన్న గడిలో 'నాలుగు' అని రాసి సంతకం పెట్టాడు. ఆయనకి పాసుపుస్తకంతోపాటు ఐరన్ మాత్రలు కూడా వచ్చాయి. ఈ విధంగా మండలం జిల్లాలో మూడో స్థానానికి ఎగబాకింది. మధుసూదనం కన్ను మొదటి స్థానం మీద ఉంది.

"నిధి దొరికింది సార్," అన్నాడు కొండలరావు, బిళ్లని టేబుల్ మీద పెడుతూ.

"తక్షణం నమోదు చేయండి," అన్నాడు మధుసూదనం.

కంప్యూటర్ ఆపరేటర్ హిమబిందు 'నేలలో లభించినవి' అన్న పేజీ తెరిచింది. అందులో మూడే రకాలున్నాయి. పేలని బాంబు. పశువు కళేబరం. మానవ మృతదేహం.

"నాణెం లేదు సార్."

"ఉన్నవాటిలో చూడమ్మా. పోర్టల్ చేసినవాళ్లు మనకంటే తెలివితక్కువవాళ్లు కాదు."

బాంబు ఎంపిక చేస్తే, నిర్వీర్యం చేసిన అధికారి సంతకం అడిగింది. పశువు అంటే చెవి పోగు నంబర్ అడిగింది. మూడోది నొక్కితే మొదటి గడిలో పేరు అడిగింది.

"పేరు ఉంది కదా దీని మీద," అన్నాడు మధుసూదనం. "ఆ భాష వచ్చినవాళ్లెవరు?"

*

రష్యా పంతులు అని కాలనీ పిలిచే పేరి నరసింగరావు, ఫ్యాక్టరీలో సోవియట్ ఇంజనీర్లకి దుబాసీగా పని చేసి రిటైరైనవాడు. ఇరవై ఐదేళ్లుగా ఆయన్ని ఎవరూ రష్యన్‌లో ఒక్క ముక్క అడగలేదు. జీపు వచ్చి గేటు ముందు ఆగేసరికి, చొక్కా మార్చుకుని, భూతద్దం, అయస్కాంతం, కొలత స్కేలు పట్టుకుని బయల్దేరాడు.

"మంచి నాణెమండీ," అన్నాడు బిళ్లని అంచులతో పట్టుకుని. "సోవియట్ స్మారక రూబుల్. నాణేన్ని ఎప్పుడూ ఇలా అంచులతోనే పట్టుకోవాలి, వేళ్ల తడి తగలకూడదు. ముప్పై ఒక్క మిల్లీమీటర్లు. అయస్కాంతానికి అంటుకోదు చూడండి, రాగీ నికెలూ కలిపిన లోహం."

"పేరేమిటి?"

"ఇవాన్ ఫ్యోదరొవ్."

హిమబిందు వేళ్లు టకటకలాడాయి.

"పుట్టింది?"

"పదిహేను వందల పది అని ఉంది."

"పోయింది?"

"పదిహేను వందల ఎనభై మూడు. ల్వీవ్ నగరంలో."

"వృత్తి?"

"రష్యాలో మొదటి ముద్రాపకుడు. పుస్తకాలు అచ్చేసేవాడు. చేతిలో ఉన్నది అచ్చు కాగితం."

"పొలం ఏమైనా ఉందా? ఆ గడి ఖాళీగా ఉంది."

"నాకు తెలియదండీ."

మధుసూదనం భూతద్దం తీసుకుని బిళ్ల రెండోవైపు చూశాడు. అక్కడ సుత్తీ కొడవలీ, చుట్టూ గోధుమ కంకులూ ఉన్నాయి. "కొడవలి ఉంది. పంట ఉంది. అనుబంధ వృత్తి వ్యవసాయం అని రాయమ్మా. గుర్తింపు చిహ్నాలు: గడ్డం."

"కులం సార్?"

"రష్యాలో కులాలు ఉండవండీ," అన్నాడు నరసింగరావు.

"ఉండవంటే గడి ఒప్పుకోదు. విచారణలో ఉంది అని రాయండి."

ఇరవై నాలుగో గడి నిండగానే తెర మీద ఆకుపచ్చ టిక్కు వెలిగింది. మండల చరిత్రలో ఒక్క అబద్ధమూ ఆడకుండా ఇన్ని గడులు నిండిన రికార్డు అదే మొదటిది. మధుసూదనం లేచి నిలబడ్డాడు. నరసింగరావు ఒంగి తెర చూశాడు. పైన పెద్ద అక్షరాలతో 'మానవ మృతదేహం' అని ఉంది.

"ఇది నాణెమండీ," అన్నాడు మెల్లగా.

"చనిపోయాడని మీరే చెప్పారు."

"ఆయన చనిపోయాడు. ఇది ఆయన పోయిన నాలుగు వందల ఏళ్లకి, గుర్తుగా వేసిన నాణెం. చూడండి, వెనక 1983 అని ఉంది. పాతకాలపుదని మోసపోకుండా చూసుకోవాల్సింది ఇక్కడే. ముందువైపు ఆయన ఏళ్లు, వెనకవైపు నాణెం వేసిన ఏడు."

మధుసూదనం కళ్లజోడు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసు ఒక్కసారిగా ఆయన ముఖంలోకి వచ్చింది.

"పంతులుగారూ, మీకు భాష తెలుసు, నాకు కాగితం తెలుసు. దీని మీద పేరు ఉంది. ఫోటో ఉంది. జనన సంవత్సరం ఉంది, మరణ సంవత్సరం ఉంది. వెనక్కి తిప్పితే ప్రభుత్వ రాజముద్ర ఉంది. కింద జారీ చేసిన సంవత్సరం ఉంది. దీన్ని ఏమంటారు?"

"నాణెం అంటారండీ."

"మరణ ధ్రువీకరణ పత్రం అంటారు. పోయింది 1583. నమోదు 1983. నాలుగు వందల ఏళ్ల ఆలస్యం. మా ఆఫీసులో ఇంతకంటే ఎక్కువ ఆలస్యాలున్నాయి."

"మరి ఒక రూబుల్ అని రాసుంది కదండీ?"

"ఆలస్య రుసుము."

నరసింగరావు చివరి ప్రయత్నంగా నాణేన్ని నిలబెట్టి అంచు చూపించాడు. "అంచు మీద అక్షరాలున్నాయి చూడండి. తర్వాత మళ్లీ కొట్టిన నకళ్లయితే అక్కడ 1988 అన్న అంకె, పక్కన ఒక అక్షరం ఉంటాయి. దీనికి లేవు. అంటే అసలు నాణెం."

"నకలు కాదు, ఒరిజినల్," అన్నాడు మధుసూదనం హిమబిందుతో. "అటెస్టేషన్ అక్కర్లేదు. సాక్షి పేరు, పేరి నరసింగరావు."

*

మృతదేహాన్ని ఆఫీసు బీరువాలో ఉంచరాదు. అది వేరే నిబంధన. అందుచేత మర్నాడు ఇవాన్ ఫ్యోదరొవ్‌ని ప్రాంతీయ ఆసుపత్రి శవాగారానికి తరలించి, మూడో నంబర్ సొరుగులో ఉంచారు. కాలి బొటనవేలికి కట్టాల్సిన చీటీని ఎక్కడ కట్టాలో తెలియక అక్కడి ఉద్యోగి అరగంట ఆలోచించి, బిళ్లకి అడ్డంగా దారం చుట్టాడు. పోస్టుమార్టం నివేదికలో డాక్టర్ 'దేహం గట్టిపడి ఉంది' అని రాశాడు. అందులో తప్పేమీ లేదు.

ఎనిమిదో తారీకున సన్యాసమ్మ తలుపు మీద నోటీసు అంటించారు. సదరు మృతుడు లభించిన స్థలం ఇందుమూలంగా సమాధి స్థలంగా పరిగణించబడుతుందనీ, అందులో నివాస సంబంధమైన తవ్వకాలు, కట్టడాలు నిషిద్ధమనీ, మృతుడి వారసులెవరైనా ఉంటే పదిహేను రోజుల్లో హాజరు కావాలనీ దాని సారాంశం.

ఎనిమిదీ పదిహేనూ కలిపితే ఇరవై మూడు. ఫోటో పంపాల్సింది ఇరవైకి.

సన్యాసమ్మ ఆటోలో ఆఫీసుకి వెళ్లింది. ఆఫీసు ముందు ఏడు మెట్లున్నాయి. ఆమె మూడో మెట్టు మీద కూర్చుండిపోయింది. మధుసూదనమే మర్యాదగా బయటికి వచ్చాడు.

"బావూ, ఆడు మా సుట్టం కాదు," అంది సన్యాసమ్మ.

"చుట్టం కాదని రాసిస్తారా?"

"రాసిత్తే గుంత తవ్వుకోనిత్తారా?"

"రాసిస్తే అనాథ మృతదేహం అవుతుంది. దానికి ముప్పై రోజులు."

"సుట్టమే అనుకోండి."

"చుట్టమైతే వారసత్వ ధ్రువపత్రం కావాలి. ఆయన తండ్రి పేరు, తాత పేరు..."

"నాకు మా తాత పేరే తెల్దు బావూ. కాలు మడవలేకపోతన్నాను. పొద్దున్నే పక్కింటి దొడ్డికి ఎల్లాలంటే ఇద్దరు పట్టుకోవాల. ఇరవయ్యో తారీకు దాటితే నా పేరు తీసేత్తారు. ఆ రష్యావోడు పోయి ఎన్నేళ్లయినాదో, ఇంకో పది రోజులు ఆగితే ఆడికేటి నట్టం?"

"చట్టం ముందు మృతులంతా సమానమేనమ్మా," అన్నాడు మధుసూదనం. ఆయన నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే లోపలికి వెళ్లాడు.

కొండలరావు మంచినీళ్ల గ్లాసుతో వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. సున్నం గీత గీసినప్పటినుంచి అతనికి అన్నం సయించడం లేదు.

"గొప్ప పని సేసినావురా," అంది సన్యాసమ్మ నీళ్లు తాగి. "మీ బాబాయి సిన్నప్పుడు నిన్ను భుజమ్మీద ఏసుకు తిరిగినాడు. గుర్తుందా?"

"ఉంది పిన్నీ."

"అయితే ఆ నోటీసు మళ్లీ సదువు. నాకు రానిది నీకొచ్చింది గందా, సదువు."

కొండలరావు చదివాడు. నివాస కట్టడాలు నిషిద్ధం అన్నచోట ఆగాడు. తర్వాత వాక్యం మనసులో రెండుసార్లు చదివాడు. ఆఫీసు కిటికీవైపు ఓసారి చూసి, ఒంగి మెల్లగా చెప్పాడు.

"సమాధి స్థలంలో ఇల్లు కట్టకూడదు. స్మారక మందిరం కట్టొచ్చట. ఆరడుగులకి ఐదడుగులు మించకూడదు."

"తలుపు పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు."

"నీళ్లు?"

"అడిగితే పంచాయతీయే ఇత్తాది."

సన్యాసమ్మ గ్లాసు కింద పెట్టింది. "రష్యా పంతులు ఇంటికి ఆటో తిప్పమను."

*

దరఖాస్తు నరసింగరావు రాశాడు. ఆయనకి అబద్ధం రాయడం చేతకాదు. ఆ అవసరమూ రాలేదు.

నిర్మాణ ఉద్దేశం అన్న గడిలో 'ప్రతిరోజూ కాసేపు ఏకాంతంగా కూర్చొనుటకు' అని రాశాడు. లోపల ప్రతిష్ఠించునది: 'తెల్ల పింగాణీ పీఠము, ఒకటి'. భూగర్భ నిర్మాణం: 'కలదు, ఇదివరకే కొంత తవ్వబడినది'. నీటి వసతి: 'పీఠమును శుభ్రపరచుటకు అత్యవసరం'. సందర్శకుల సంఖ్య: 'రోజుకు ఒకరు, నాలుగైదు పర్యాయములు'. సందర్శన వేళలు అన్నచోట కలం ఆపి సన్యాసమ్మని అడిగాడు.

"తెల్లారగట్ల తప్పదు బావూ. మిగతాది సెప్పలేం."

ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాడు. ముప్పై రెండు గడులూ నిండాయి.

పదకొండో తారీకున మధుసూదనం ఆ దరఖాస్తు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చూశావా కొండలరావ్. చదువులేని మనిషి. పరాయి దేశపు ముద్రాపకుడి కోసం రోజుకి నాలుగైదుసార్లు ఏకాంతంగా కూర్చుంటుందట. మన ఉద్యోగుల్లో ఒక్కరికైనా ఇంత నిష్ఠ ఉందా?"

"లేదు సార్."

"ఈ పీఠం ఏమిటంటావ్?"

కొండలరావు కళ్ల ముందు మూడో మెట్టు మీద కూర్చున్న మనిషి కదిలింది. "గడులన్నీ నిండాయి సార్," అన్నాడు.

అన్ని గడులూ నిండిన దరఖాస్తును తిరస్కరించరాదు. మధుసూదనం ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, కింద రెండు షరతులు చేర్చాడు. ఒకటి, మృతుణ్ణి స్మారకంలోనే ఉంచాలి. రెండు, అధికారికంగా ప్రారంభించేవరకు దాని ఫోటో తీయరాదు, లోపల ఎవరూ కూర్చోరాదు. ప్రారంభోత్సవానికి తీరిక ఉన్న రోజు ఇరవయ్యో తారీకు, ఉదయం పది గంటలకి.

"సాయంత్రంలోగా పంపితే సాలు గందా," అంది సన్యాసమ్మ. ముత్యాలు సున్నం గీత దాటాడు.

ఎనిమిది రోజుల్లో గోడలు లేచాయి, తెల్ల పలకలు అతికాయి, పీఠం కూర్చుంది. శవాగారం మూడో సొరుగునుంచి బిళ్లని తెచ్చి, తలుపు పైన సిమెంటులో బిగించారు. బిగించే ముందు ముత్యాలు దాన్ని చింతపండుతో తళతళలాడేలా తోమాడు. నరసింగరావు అడ్డుపడేసరికి ఆలస్యమైపోయింది.

"పాత నాణేన్ని ఎప్పుడూ తోమకూడదయ్యా," అన్నాడు అరుగు మీద కూలబడి. "ఆ మసకే దాని వయసు. ఇక దీన్ని ఏ సేకర్తా ముట్టుకోడు."

"మంచిదే గదా పంతులుగారూ," అన్నాడు ముత్యాలు. "ఎవుడూ పీక్కుపోడు."

*

ఇరవయ్యో తారీకు పదింటికి రావాల్సిన మధుసూదనం పన్నెండుంబావుకి వచ్చాడు. వెంట హిమబిందు, పంచాయతీ సిబ్బంది, బంతిపూల దండ, మైకు. సన్యాసమ్మ తెల్లవారుజామునుంచి పక్కింటికి వెళ్లలేదు. కొత్తది ఉండగా ఇవాళ కూడా పాకడం ఎందుకని పట్టుదల పట్టింది. ఇప్పుడా పట్టుదల ఆమె ముఖంలో స్పష్టంగా కనిపిస్తోంది.

మధుసూదనం చెప్పులు విడిచి రిబ్బన్ కత్తిరించాడు. తలుపు కొంచెం తెరిచి, లోపల తెల్లగా మెరుస్తున్న పీఠాన్ని చూసి, చేతులు జోడించాడు. ఆ ఆకారం ఎక్కడో చూసినట్టుందని ఆయనకి అనిపించి ఉండాలి. ఒక్క క్షణం కనుబొమలు ముడిపడ్డాయి. కానీ అనుమతి పత్రం మీద సంతకం తనదే. కనుబొమలు వాటంతటవే విడిపోయాయి.

తర్వాత మైకు అందుకున్నాడు. సదరు మృతుడు అక్షరానికి చేసిన సేవను ఇరవై నిమిషాలు కొనియాడాడు. మండలం జిల్లాలో మొదటి స్థానానికి చేరిన సంగతి ఇంకో పదిహేను నిమిషాలు చెప్పాడు. చివర, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు.

అందరూ తలలు వంచారు. అర నిమిషం గడిచింది.

"బావూ," అంది సన్యాసమ్మ. "మీరు కానీండి. నానెల్లాల."

ఆమెని ఆపడానికి ఎవరికీ వీల్లేదు. మౌనంలో మాట్లాడరాదు. ఆమె గోడ పట్టుకుని, దండ కింద నుంచి, ఫ్యోదరొవ్ కింద నుంచి, ఫోనుతో సహా లోపలికి వెళ్లి గడియ వేసుకుంది.

రెండు నిమిషాలు అయిపోయాయి. అర్పించే మనిషి లోపల ఉండగా నివాళి ముగించవచ్చా లేదా అన్నదానికి ఉత్తర్వుల్లో ఎక్కడా సమాధానం లేదు. మధుసూదనం తల ఎత్తలేదు కాబట్టి సిబ్బందీ ఎత్తలేదు. ఎండలో బంతిపూలు వాడిపోతున్నాయి. లోపల ఫోను క్లిక్కుమన్న శబ్దం వినిపించింది. కాసేపటికి నీళ్ల చప్పుడు. ఆ తర్వాత ఆసుపత్రినుంచి మెసేజ్ వచ్చి ఫోను టింగుమంది.

తలుపు తెరుచుకుంది. సన్యాసమ్మ ఫోను కొండలరావుకి ఇచ్చింది. "ఏటి రాసినారో సదువు."

"ఫోటో అందింది, ఇరవై మూడో తారీకు సాయంత్రం వచ్చి చేరమన్నారు పిన్నీ."

అతను చంకలోని సందర్శకుల రిజిస్టర్ తెరిచాడు. పేరు: దాడి సన్యాసమ్మ. నివాళి వ్యవధి: పదకొండు నిమిషాలు. ఆఖరి గడి దగ్గర కలం ఆగింది. మధుసూదనం అతని భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు.

"పిన్నీ, అభిప్రాయం అని ఒక గడుంది. ఖాళీగా ఉంచకూడదు."

సన్యాసమ్మ గుమ్మం మీద చెయ్యి ఆనించి, ఊపిరి పీల్చి వదిలింది.

"పేనం సల్లగా ఉన్నాదని రాయి."

కొండలరావు రాశాడు. తహసీల్దారు దాని కింద ధ్రువీకరిస్తూ సంతకం పెట్టాడు.